చిన్న గిన్నె

సందు మలుపులో, చెప్పులు బాగుచేసేవాడి పక్కన, తలుపంత వెడల్పున్న కొట్టు ఆమెది. కొత్త బట్టలు కుట్టదు. పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది, బిగుతువి వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది, కర్టెన్లకి అంచులు మడిచి కుడుతుంది. పాత ప్యాంటు పట్టడంలేదని వచ్చిన మనిషితో 'మీరు లావయ్యారు' అని పొరపాటున కూడా అనదు. 'ఉతికి ఉతికి గుడ్డ ముడుచుకుపోయిందండీ' అంటుంది. ఆ ఒక్క మాట మీదే కొట్టు నడుస్తోందని వాళ్ళాయన నవ్వుతుంటాడు.

ఇంట్లో పిల్లలందరికీ ఆమె కుట్టుపిన్ని. అసలు పేరేమిటో సగం మందికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ ఎవరికీ రాలేదు.

ఆమె మెట్టిన ఇంటివాళ్ళకి థాంక్స్ చెప్పడం రాదు. నోరు లేక కాదు. పోట్లాటకి దిగితే వీధి చివరిదాకా వినబడే గొంతులవి. ఎవరైనా సాయం చేసినప్పుడు మాత్రం 'మనలో మనకి థాంక్సులేమిటి' అని మింగేసి, చేయించుకున్న పని చేయించుకుని వెళ్ళిపోతారు. ఇది చూసి చూసి విసిగిపోయిన అత్తగారు ఒక పద్ధతి పెట్టింది. ఏడాది చివరి సెలవుల్లో అందరూ కలిసి భోంచేసే రోజుకి ప్రతివాళ్ళూ అరచేతంత గుడ్డముక్క మీద ఒక బొమ్మ కుట్టి పంపాలి. ఆ ఏడాది తమని ఆదుకున్న మనిషికి గుర్తుగా అన్నమాట. ఎవరు కుట్టారో, ఎవరికోసం కుట్టారో ఎక్కడా రాయకూడదు. ఆ ముక్కలన్నీ కలిపి బల్ల మీద పరుస్తారు. బొమ్మ చూసి ఎవరిది వాళ్ళు గుర్తుపట్టుకుని, లోపల మురిసిపోయి, పైకి 'ఆ రొట్టెలు ఇటు జరుపు' అంటారు. అంతకంటే తీయని మాట ఆ ఇంట్లో ఆశించకూడదు.

ముక్కలన్నీ కలిపి కుట్టేది కుట్టుపిన్నే. మెషిన్ ఉన్నది ఆమెకే కదా. విందు జరిగేది కూడా ఆమె ఇంట్లోనే. అంతమందికి సరిపోయే బల్ల ఎవరింట్లోనూ లేదు. కొట్టులో బట్టలు కత్తిరించే పొడుగు బల్లని ఆ రోజుకి ఇంటికి మోయించి, దాని మీదున్న సుద్దగీతలు తుడిచి, గుడ్డ పరుస్తుంది. తలా ఒక వంటకం తెస్తారు. ఆడపడుచు కేకు తెస్తుంది, తోటికోడలు రొట్టెలు తెస్తుంది. మాంసం కూర మాత్రం కుట్టుపిన్ని చేతిదే. పొద్దున్నే ఉల్లిపాయలు తరగడంతో మొదలుపెడితే అందరూ వచ్చేసరికి కళ్ళు ఎర్రగా, చీరకి నూనె మరకలతో ఎదురొస్తుంది. 'ఇంకా తయారవలేదా' అని అడుగుతారు.

ఆ కూర దగ్గర ఒక రహస్యం ఉంది. పెద్దబావగారికి రక్తపోటు. డ్రైవింగ్ స్కూల్లో పక్కసీట్లో కూర్చుని జీవితమంతా అరిచిన మనిషి, రాక ఏం చేస్తుంది. ఉప్పు బాగా తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన ఇంటిల్లిపాదినీ పిలిచి, "ఏడాదంతా మా ఆవిడ పెట్టే చప్పిడి తిండి తింటున్నాను. ఈ ఒక్కరోజు కూడా నాకు వేరే వండారని తెలిస్తే గుమ్మం తొక్కను" అని చెప్పేశారు. అప్పటినుంచీ కుట్టుపిన్ని పెద్ద గిన్నె పక్కన ఒక చిన్న గిన్నె పెట్టి, చిటికెడు ఉప్పుతో ఆయన కూర వేరే వండుతుంది. ఈ సంగతి ఆయనకే కాదు, ఆయన భార్య అయిన తోటికోడలికి కూడా చెప్పలేదు. ప్లేట్లు వంటింట్లోనే వడ్డించి తెస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇంత చేస్తే ఆవిడకి దక్కేదేమిటంటే, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పెద్దబావగారు, "ఏమ్మా, ఈ ఊళ్ళో ఉప్పు దొరకడంలేదా?" అంటారు. మిగతావాళ్ళు బాగానే ఉందంటారు. "మీ నాలికలు మొద్దుబారాయి. ఈవిడ చేతికి కుట్టొచ్చు గానీ ఉప్పు రాదు" అంటారాయన. అందరూ నవ్వుతారు. కుట్టుపిన్ని కూడా నవ్వుతుంది. ఏటా ఇదే జోకు.

ఇన్నేళ్ళలోనూ ఆమెకోసం ఎవరూ ఒక్క ముక్క కుట్టలేదు. చెడ్డవాళ్ళై కాదు. గుడ్డ కలిపి కుట్టే మనిషి ఆ గుడ్డలో ఉండాలని ఎవరికీ తట్టలేదంతే. ఆమె కూడా పట్టించుకోనట్టే ఉండేది. కాకపోతే ముక్కల సంచి చేతికొచ్చినప్పుడు కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి, చివరి ముక్కదాకా ఎందుకో ఆత్రంగా చూసేది. చూశాక తనని తనే తిట్టుకునేది.

ఆ ఏడు సంచిలో ఒక ముక్క మీద సూట్‌కేసు బొమ్మ వచ్చింది. ఆడపడుచు కూతురికి పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. కొత్తల్లుడు ఎవరింట్లోనో అటక మీంచి సూట్‌కేసు దించాడట. దానికి ఒక ముక్క. ఇంకో ముక్క మీద తోక ఊపుతున్న కుక్క. దొంగ వచ్చినప్పుడు మొరిగిన పెద్దబావగారి కుక్కకి అది. కుట్టుపిన్ని ఆ కుక్క వంక చాలాసేపు చూసింది. తోక చక్కగా వచ్చింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికి నోరు రాక, ఆవిడ తనే వడ్డించుకుంది. ఆకుపచ్చ కర్టెను అంచులో మిగిలిన గుడ్డ కత్తిరించి, దాని మీద సూదీ గరిటే అడ్డంగా ఒకదాని మీద ఒకటి కుట్టడం మొదలుపెట్టింది. చిక్కేమిటంటే కుట్టు మరీ అందంగా వస్తోంది. చూసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. విప్పి మళ్ళీ కుట్టింది, కావాలని వంకరగా. చెయ్యి మాట వినలేదు, మళ్ళీ తిన్నగానే వచ్చింది. చివరికి సూది ఎడమచేత్తో పట్టుకుంటే గానీ పిల్లలు కుట్టినంత అధ్వాన్నంగా రాలేదు. గరిటె కింద ఒక పెద్ద గిన్నె కుట్టింది. దాని పక్కన, ఏమీ ఆలోచించకుండానే, ఒక చిన్న గిన్నె కూడా కుట్టేసింది.

ఆశ్చర్యపోవడం కూడా సాధన చేసింది. గిరాకీలు బట్టలు వేసుకుని చూసుకునే అద్దం ముందు నిలబడి, కనుబొమలు ఎత్తి, "అయ్యో, నాకెందుకండీ ఇవన్నీ" అని అనుకుని చూసుకుంది. ఆ అద్దంలో తన మొహం చూసి తనకే సిగ్గేసింది. ముక్కని పీకి చెత్తబుట్టలో పడేద్దామనుకుంది. పడెయ్యలేదు. గుడ్డ మూలన, అత్తగారు కూర్చునే చోటికి దగ్గరగా కలిపి కుట్టేసింది.

విందు రోజు అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వీధిలో చలిగాలి, లోపల కూర వాసన. కొత్తల్లుడు సూట్‌కేసు బొమ్మ చూసుకుని చెవులదాకా ఎర్రబడ్డాడు. కుక్కని బల్ల దగ్గరికి లాక్కొచ్చి దాని బొమ్మ దానికి చూపించారు. అప్పుడు ఆడపడుచు కళ్ళజోడు పైకి తోసుకుని మూలకి వంగింది.

"ఇదెవరిదే? సూదీ, గరిటే... ఇంకెవరు, మన చిన్నమరదలిది."

అందరూ అటు తిరిగారు. కుట్టుపిన్ని వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "అయ్యో, నాకెందుకండీ ఇవన్నీ" అంది. అద్దం ముందు వచ్చినంత బాగా రాలేదు.

అంతటితో అయిపోవాలి. ఎవరు కుట్టారని అడగకూడదన్నది ఆ ఇంటి రూలు. కుట్టుపిన్ని ధైర్యమంతా దాని మీదే. ఆమె గ్రహించనిదేమిటంటే, ఆ రూలు ఇన్నాళ్ళూ నిలబడింది అడగనక్కర్లేక. ఎవరి చేతికుట్టు ఏదో అందరికీ తెలుసు. ఈ వంకర కుట్టు ఎవరికీ తెలియలేదు. పైగా ఒక్కొక్కళ్ళకీ లోపల ఎక్కడో గుచ్చుకుంది, ఇన్నేళ్ళూ మనకి తట్టలేదే, ఎవరికి తట్టిందబ్బా అని.

"ఎంత మంచి పని చేశార్రా. ఎవరు కుట్టారు?" అంది ఆడపడుచు. "తమ్ముడూ, నువ్వేనా? మొగుడివి గనక అడుగుతున్నా."

కుట్టుపిన్ని భర్త ఉత్త అమాయకుడు. అవునంటే ఒక్క మాటతో పోయేది. "నేనెక్కడ అక్కయ్యా, నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నా ముక్క ఏటా ఆవిడే కుట్టిపెడుతుంది" అన్నాడు. ఆడపడుచు కూతురిని అడిగారు. కుక్క బొమ్మ తనదంది. పెద్దబావగారు, "నా వంక చూడకండి" అన్నారు. కొత్తల్లుడు భయంగా తల అడ్డంగా ఊపాడు. ప్రశ్న బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ వస్తోంది. కుట్టుపిన్ని మనసులో లెక్కపెట్టుకుంది. ఇంకో ఇద్దరు కాదంటే మిగిలేది తనొక్కతే.

"నేనే కుట్టాను" అంది తోటికోడలు, రొట్టెలున్న పళ్ళెం బల్ల మీద పెడుతూ.

"నీ ముక్క అదిగో ఉందిగా," అంది ఆడపడుచు.

"రెండు కుట్టకూడదని ఎక్కడైనా ఉందా వదినా?"

కుట్టుపిన్ని ఊపిరి పీల్చుకుంది. తోటికోడలు ఆమె వంక చూడలేదు. ఆ చూడకపోవడంలోనే తెలిసిపోయింది, అక్కకి సంగతంతా అర్థమైందని. తల కొట్టేసినట్టయింది. కానీ మిగతావాళ్ళకి తెలియలేదు, అది చాలు. ప్లేట్లు తెచ్చి అందరి ముందూ పెట్టింది. పెద్దబావగారి ప్లేటు ఆయన ముందు.

ఆడపడుచు అక్కడితో వదలదు. "ఈ పెద్దది కూర గిన్నె. మరి పక్కనున్న ఈ బుల్లిదేమిటి?"

తోటికోడలు ఒక్క క్షణం తడబడింది. "అదా... ఉప్పు డబ్బా."

పెద్దబావగారు అప్పుడే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపి, ప్లేటు వంకా గుడ్డ వంకా మార్చి మార్చి చూసి పకపకా నవ్వారు. "ఇన్నాళ్ళకి తెలిసింది. ఈ ఇంటి ఉప్పంతా ఆ గుడ్డ మీదే ఉండిపోతోంది. కూరదాకా రావడంలేదు."

బల్లంతా నవ్వింది. ఆడపడుచు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. నిన్నగాక మొన్న వచ్చిన కొత్తల్లుడు కూడా నవ్వాడు. కుట్టుపిన్ని ఏటా నవ్వినట్టే నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"అది ఉప్పు డబ్బా కాదు బావగారూ" అంది. "అది మీ గిన్నె. మీకు వేరే వండే గిన్నె. డాక్టరు చెప్పినప్పటినుంచీ ఏటా వండుతున్నాను. చప్పగా ఉందని మీరు నవ్విస్తుంటే నవ్వుతూ వండుతున్నాను. ఎడమచేత్తో కుట్టినా అది గిన్నెలాగే ఉంది, దానికి డబ్బా మూత ఎక్కడుంది?"

మాట పూర్తయ్యాక గానీ తనేం చెప్పిందో తెలియలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమైనా చేస్తాడు. తను ఏకంగా గుమ్మడికాయ తెచ్చి బల్ల మీద పెట్టింది. గరిటెలోంచి కూర చుక్క ఒకటి ఆమె పాదం మీద పడింది.

"ఏమందీ?" అని అడిగింది అత్తగారు. ఆవిడకి చెవులు సరిగ్గా వినబడవు. "ఏమందర్రా, నాకూ చెప్పండి" అని మళ్ళీ అడిగింది. వినిపించేలా చెప్పాలంటే చెవి దగ్గర అరవాలి. ఆడపడుచు ఇక తప్పక, వీధిలోకి వినబడేంత గట్టిగా చెప్పింది: "ఆ ముక్క తనకి తనే కుట్టుకుందట."

కుట్టుపిన్నికి భూమి చీలితే బాగుండుననిపించింది. అత్తగారు ముందుకి వంగి, ఆ ముక్కని వేళ్ళతో తడిమింది. "ఊరుకోండి. ఇంత వంకర కుట్టు దానిదెందుకవుతుంది" అంది. ఆవిడ నమ్మలేదు. ఆ నమ్మకపోవడం మిగతావాళ్ళు తలలు దించుకోవడం కంటే ఎక్కువ బాధపెట్టింది. కుట్టుపిన్ని గరిటె బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొళాయి తిప్పి, అప్పటికే కడిగి ఉన్న గిన్నెలు మళ్ళీ కడుగుతూ నిలబడింది. వెనకాల తోటికోడలు వచ్చింది. కొళాయి కట్టేసింది.

"నేనొక అబద్ధమాడి నిన్ను గట్టున పడేశాను. నువ్వే మళ్ళీ నీళ్ళలోకి దూకావు" అంది.

"ఉప్పు డబ్బా అన్నావక్కా. అది పడలేకపోయాను."

"నాకేం తెలుసే. నోటికొచ్చింది అనేశాను."

కుట్టుపిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపో చెమటో తనకే తెలియలేదు. "నేనే కుట్టానని నీకెలా తెలిసిందక్కా? కుట్టులో పట్టేశావా?"

"ఆ వంకర కుట్టులో ఏం తెలుస్తుంది" అంది తోటికోడలు. గొంతు తగ్గించింది. "ఎవరు కుట్టారని అడుగుతుంటే ఒక్కొక్కళ్ళ మొహమూ చూశాను. మీ ఆయన కుట్టలేదు. వదిన కుట్టలేదు. పిల్లలు కుట్టలేదు. నేను కుట్టలేదు. మేమెవరమూ నీకోసం కుట్టలేదు. ఇంక మిగిలిందెవరే?"

బయట చెంచాల చప్పుడు తప్ప మాటలు వినబడటంలేదు.

"ఏటా విందులో మా ఆయన ఉప్పు కూరే తింటున్నారనుకుని ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని కూర్చునేదాన్ని," అంది తోటికోడలు. "ఆయన ప్లేటు వంకే చూసేదాన్ని. ఆ ప్లేటు తెచ్చిన మనిషి వంక ఒక్కసారైనా చూడలేదు. సిగ్గుపడాల్సింది నువ్వొక్కదానివే కాదులే."

అలా అన్నంతమాత్రాన సిగ్గు పోతుందా? ఆ రోజు పెద్దబావగారు ప్లేటులోది మెతుకు మిగలకుండా తిని, వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ ఏదో అనబోయి, మానేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలాకాలం కుట్టుపిన్ని ఫోను మోగితే భర్తని తీయమనేది. ఆడపడుచు వీధిలో ఎదురొస్తే కొట్టు వెనక్కి వెళ్ళి దారాలు సర్దుకునేది. మెషిన్ తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి ఆ మాట చెవిలో పడేది, తనకి తనే కుట్టుకుందట. కాళ్ళు ఆగిపోయేవి. మనుషులు ఎన్నో తప్పులు చేస్తారు, కానీ తన డప్పు తనే కొట్టుకుంటూ అందరి ముందూ దొరికిపోవడం లాంటిది ఇంకోటి లేదని ఆమెకి గట్టిగా అనిపించేది.

మళ్ళీ ఏడాది చివరి సెలవులు వచ్చాయి. ముక్కల సంచి వచ్చింది. తలుపు దగ్గరగా వేసుకుని బల్ల మీద పరిచింది. మొదటి ముక్క మీద కత్తెర. రెండోదాని మీద దారపు కండె. ఆ తర్వాత మెషిన్, గరిటె, కూర గిన్నె, మళ్ళీ మెషిన్. వాళ్ళాయన సొంతంగా కుట్టిన ముక్క మీద ఏమిటో తెలియని గీత ఒకటీ, వేళ్ళకి గుచ్చుకున్న రక్తపు చుక్క ఒకటీ. అన్నీ ఆమెకే. ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరికీ ఇంకెవరూ ఏ సాయమూ చెయ్యనట్టు. కుక్కకి కూడా లేదు, పాపం.

సంతోషించాలి కదా. ఆమెకి మొహం వేడెక్కింది. అడిగి వడ్డించుకున్న అన్నం గొంతు దిగదు. ఒంట్లో బాగాలేదని విందు మానేద్దామనుకుంది. మానేస్తే కూర ఎవరు వండుతారు? కూర్చుని అన్నీ కలిపి కుట్టింది. చివర తన ముక్క కూడా చేర్చింది. ఈసారి కుడిచేత్తో, ఏ వంకరా లేకుండా, మూత ఉన్న ఒక బుల్లి డబ్బా కుట్టింది. తోటికోడలు కూర్చునే చోటికి ఎదురుగా వచ్చేలా చూసింది.

విందు రోజు ఎవరూ బొమ్మల గురించి మాట్లాడలేదు. ఎవరిదో అడగాల్సిన పనేముంది. తోటికోడలు తన ముందున్న డబ్బా చూసి, దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టింది, మళ్ళీ తీసి పక్కన పెట్టింది. కుట్టుపిన్ని ఎవరి కళ్ళలోకీ చూడకుండా ప్లేట్లు తెచ్చి పెట్టింది. పెద్దబావగారి ప్లేటు కూడా, ఎప్పటిలాగే లోపల వడ్డించి తెచ్చింది.

ఆయన ప్లేటు ముట్టుకోలేదు. అరవడం తప్ప మామూలుగా మాట్లాడటం రాని మనిషి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నా గిన్నె ఏది?"

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికి వెళ్ళి, పొయ్యి వెనక ఎప్పుడూ దాచిపెట్టే ఆ చిన్న గిన్నె తీసుకొచ్చి, మసి తుడిచి, ఆయన ముందు పెట్టింది. అది బల్ల మీదికి రావడం అదే మొదలు. అడుగున సొట్ట ఉంది, కాస్త ఒరిగింది. ఆయన గిన్నెలోంచి తనే ఇంకాస్త వడ్డించుకున్నారు. అందరూ చూస్తుండగా ఒక ముద్ద తిన్నారు.

"ఉప్పు సరిపోయిందమ్మా" అన్నారు, తల ఎత్తకుండా.

కుట్టుపిన్ని కూడా తల ఎత్తలేకపోయింది. గిన్నెని మాత్రం లోపలికి తీసుకెళ్ళలేదు.